పన్నెండేళ్లు కదలని 1965 బీటిల్: ఏడేళ్ల వాడకం తర్వాత

పన్నెండేళ్లు షెడ్డులో కదలకుండా ఉన్న 1965 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను నేను మళ్లీ రోడ్డెక్కించి ఏడేళ్లయింది. 1192 సీసీ ఇంజన్, 34 హార్స్‌పవర్, ఆరు వోల్టుల బ్యాటరీ, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు ఉన్న ఈ కారును వారానికి రెండు మూడుసార్లు నడుపుతున్నాను.

ఇలాంటి కారు చేతికి రాగానే ఎవరికైనా ముందు ఇంజన్ స్టార్ట్ చేసి చూడాలనిపిస్తుంది. నిజానికి ఇంజన్ నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ప్లగ్గులు ఊడదీసి, సిలిండర్లలో కొంచెం ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలేశాను. మర్నాడు డైనమో పుల్లీ నట్టుకు 21 నంబరు పానా తగిలించి తిప్పితే, బెల్టుతో పాటు క్రాంకు (ఇంజన్ ప్రధాన ఇరుసు) మెల్లగా కదిలింది. పాత పెట్రోలు తీసేసి, కార్బొరేటర్ విప్పి కడిగి, ప్లగ్గులకు కరెంటు అందే సమయాన్ని నియంత్రించే పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లకు సరిచేశాక ఇంజన్ అందుకుంది. అసలు పని ఆ తర్వాతే మొదలైంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమకు వీల్ సిలిండర్లు (ఆయిల్ ఒత్తిడితో చక్రం దగ్గర బ్రేకు పట్టించేవి) లోపల తుప్పుపట్టి పిస్టన్లు బిగుసుకుపోయి ఉంటే, వాటన్నింటినీ మార్చాను. ముందు చక్రాల రబ్బరు హోసులు మాత్రం పైకి నున్నగా కనిపించాయని ఉంచేశాను. అది నా తప్పు. పది కిలోమీటర్లు వెళ్లేసరికి కారు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. ఆపి చూస్తే ఎడమ డ్రమ్ము చేయి దగ్గర పెట్టలేనంత వేడెక్కింది. హోసు విప్పి అడ్డంగా కోస్తే, లోపలి రబ్బరు ఉబ్బి గుండుసూది దూరేంత సందు మిగిలింది. పెడల్ తొక్కిన ఒత్తిడికి ఆయిల్ ముందుకు వెళ్లింది కానీ, కాలు తీశాక వెనక్కి రాలేకపోయింది. పైగా ఈ కారులో బ్రేకులన్నీ ఒకే సర్క్యూట్ మీద ఉంటాయి కనుక ఒక్క హోసు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. అందుకే హోసులు ఎంత బాగా కనిపించినా ముందే మార్చమని చెబుతాను. ఇంజన్ దగ్గరి పెట్రోలు గొట్టం విషయమూ అంతే: ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రకం రబ్బరును తినేస్తుంది, అక్కడ కారితే ఆ వేడికి మంటలే.

ఆరు వోల్టులను పన్నెండుకు మార్చమని చాలామంది సలహా ఇచ్చారు, నేను మార్చలేదు. వోల్టేజి సగమైతే అదే పనికి రెట్టింపు కరెంటు కావాలి కనుక, మందమైన బ్యాటరీ కేబుల్, గీకి శుభ్రం చేసిన ఎర్తు పాయింట్లు ఉంటే చాలు. సెల్ఫు చక్కగా తిరుగుతోంది. హెడ్‌లైట్లు మాత్రం నేటికీ గుడ్డివే, వాన రాత్రుల్లో నేను ఈ కారు తీయను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని టాపెట్లు సెట్ చేయడం, అంటే ఇంజన్ వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందును సరిచేయడం. ఇంజన్ పూర్తిగా చల్లారాక 0.15 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) పెట్టి లాగితే, రేకు పట్టీపట్టనట్టు జారాలి. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ గ్యాప్ మాటిమాటికీ తగ్గిపోతుంటే వాల్వు సాగుతోందని అర్థం. దాన్ని అశ్రద్ధ చేస్తే తల తెగి సిలిండర్‌లో పడుతుంది. ఆయిల్ పట్టేది రెండున్నర లీటర్లే, ఫిల్టరు లేదు, ఆయిల్ వడకట్టే జాలీ ఒక్కటే ఉంది. అందుకే ఐదు వేల కిలోమీటర్లు దాటనివ్వకుండా మారుస్తాను.

ఫ్యాన్ బెల్టు తెగినది ఒకేసారి. ఇంజన్‌ను చల్లబరిచే ఫ్యానూ డైనమో కూడా ఆ బెల్టుతోనే తిరుగుతాయి కనుక డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగగానే ఇంజన్ ఆపేశాను. స్పేర్ బెల్టు వేసి, పుల్లీ రెండు సగాల మధ్య వాషర్లు సర్ది బిగువు సరిచూసుకుని అరగంటలో బయలుదేరాను.

మూడు వారాలు నడపకపోతే కార్బొరేటర్‌లో పెట్రోలు ఆరిపోయి సెల్ఫు చాలాసేపు కొట్టాల్సి వస్తోంది. అందుకని తీరిక లేని వారంలోనైనా ఒకసారి ఇరవై కిలోమీటర్లు నడుపుతాను. నిలబెట్టి ఐదు నిమిషాలు ఇంజన్ ఆన్ చేస్తే సైలెన్సర్‌లో నీరు చేరడం తప్ప లాభమేమీ కనిపించలేదు.