జానపద సాహిత్యమా, జానపద విజ్ఞానమా: సేకరణకు ఏది?

ఈ రెండు మాటల్నీ ఒకే అర్థంలో వాడేస్తుంటాం. సేకరణకు దిగితే తేడా తెలిసొస్తుంది.

పరిధి: సాహిత్యమంటే పాట, కథ, సామెత, పొడుపుకథ. విజ్ఞానమంటే వాటితోపాటు ఆచారాలు, నమ్మకాలు, ఆటలు, చేతిపనులు కూడా. 1846లో ఇంగ్లండ్ పండితుడు విలియం థామ్స్ 'ఫోక్‌లోర్' (జానపద విజ్ఞానం) అనే మాట ప్రతిపాదించినప్పుడే ఆచారాల్ని, నమ్మకాల్ని అందులో కలిపాడు.

ఖర్చు: మొదటిదానికి ఫోన్ రికార్డర్ చాలు. రెండోదానికి పదేపదే వెళ్లిరాక తప్పదు.

శ్రమ: జోలపాట మాటలు ఒక్క పూటలో రాసుకోవచ్చు. కానీ ఊయల ఊపుకు చరణం ఎక్కడ సాగుతుంది, బిడ్డ కళ్లు మూతపడుతుంటే గొంతు ఎలా తగ్గుతుంది, పాడేమనిషి సొంతమాట ఎక్కడ చేరుస్తుంది, ఇవి పట్టాలంటే పక్కన కూర్చోవాలి. నా దృష్టిలో అసలు సంపద ఇదే. 1964లో అమెరికా జానపద పరిశోధకుడు అలన్ డండెస్ పాట, కథల మాటలతోపాటు సందర్భాన్నీ నమోదు చేయాలని గట్టిగా వాదించాడు.

రిస్క్: మొదటిదాంట్లో మాట మిగిలి సందర్భం పోతుంది. రెండోదాంట్లో పని ఓ పట్టాన తెమలదు. ఇంటి విషయాలు బయటపడతాయి కాబట్టి అనుమతి తప్పనిసరి.

టైమ్ తక్కువై, పాడేవాళ్లు బాగా పెద్దవాళ్లైతే ముందు పాటలే రికార్డు చేయండి. ఒకే సమూహంతో ఏళ్లపాటు మెలిగే వీలుంటే రెండోదే ఎంచుకోండి.