సైకిల్ చక్రాల లైట్లు కొనే ముందు బ్యాటరీ సెల్ మూత చూడండి

దీపావళి ఆఫర్లు మొదలయ్యాయి. సైకిల్ చక్రాలకు చుట్టే రంగురంగుల దీపాల దండలు ఫోను తెరవగానే మళ్లీ కనిపిస్తున్నాయి. వాటిని కొనాలనుకుంటున్నవారు, ముఖ్యంగా పాకే వయసు పిల్లలు ఇంట్లో ఉన్నవారు, దయచేసి ఇది చదివాక నిర్ణయించుకోండి. మా ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను.

మాది విజయనగరం, దాసన్నపేట. మా బాబు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊరంతా దీపాలు పెడతారు కదా. ఆ నాలుగు రోజులూ సాయంత్రం చదువు ముగించి కోట, గంటస్తంభం, మూడు లాంతర్లు చూసి రావడం మా వీధి పిల్లలకు ఏటా ఉన్న సరదా. ఈసారి తన సైకిల్ కూడా వెలగాలన్నాడు. రాత్రిపూట అందరికీ కనబడతాడు, మంచిదే అనిపించి నేనే ఆర్డరు పెట్టాను. రెండు చక్రాలకు కలిపి 449 రూపాయలు. ఒక్కో చక్రానికి ఇరవై చిన్న దీపాలున్న సన్నని రాగి తీగ, దాని చివర అగ్గిపెట్టెలో సగం ఉండే ప్లాస్టిక్ డబ్బా, ఆ డబ్బాలో రూపాయి బిళ్లలాంటి రెండు బ్యాటరీ సెల్స్. రక్షణ కోసం, వినోదం కోసం అని ప్రకటనలో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ మొదటి మాట చూసే కొన్నాను.

పండుగ ముందు ఆదివారం రాత్రి పిల్లలు ఊరు చుట్టి వచ్చారు. సన్నగా వాన పడుతోందని సైకిల్‌ను వసారాలో పెట్టించాను. ముందు చక్రం వెలగడం లేదని బాబు చెప్పాడు. పొద్దున చూద్దాంలే అన్నాను. మరునాడు తొలేళ్లు, అంటే సిరిమానోత్సవానికి ముందు రోజు. బొబ్బిలి నుంచి మా చెల్లెలు, మరిదిగారు, వాళ్ల పద్నాలుగు నెలల బాబు వచ్చారు. ఇంటి నిండా చుట్టాలు, వంటింట్లో హడావుడి. పిల్లవాడు వసారాలో పాకుతూ ఆడుకుంటున్నాడు, పక్కనే మా అత్తగారు కూర్చుని ఉన్నారు. వాడు దేన్నో చప్పరిస్తున్నాడని ముందు గమనించింది ఆవిడే. వేలు పెట్టి తీస్తే సెల్ వచ్చింది. చొంగతో తడిసి మెరుస్తోంది.

అది బయటికి వచ్చింది కదా అని మేం ఊపిరి పీల్చుకోలేదు. డబ్బాలో ఉండాల్సినవి రెండు. చక్రం దగ్గరికి పరుగెత్తి చూస్తే డబ్బా మూత లేదు, లోపల ఒక్క సెల్ కూడా లేదు. మూత దారిలోనే ఎగిరిపోయి ఉండాలి. సెల్స్ తీగ స్ప్రింగులకు ఆనుకుని ఎలాగో ఇంటిదాకా వచ్చి, మెట్లెక్కించేటప్పుడు జారిపడి ఉండాలి. ఒకటి పిల్లవాడి నోట్లో దొరికింది. మరి రెండోది?

మా చెల్లెలి ముఖంలో అప్పుడు చూసిన భయాన్ని నేను మరచిపోలేను. పిల్లవాడు ఏడవడం లేదు, దగ్గడం లేదు, నవ్వుతున్నాడు. మింగి ఉంటే ఇలా నవ్వుతాడా అని ఇంట్లో ఒకరిద్దరు అన్నారు కూడా. మా ఆయన ఎవరి మాటా వినకుండా ఆటో పిలిచారు. పండుగ రద్దీకి దారులు మళ్లించి ఉన్నాయి, ఆసుపత్రికి చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఎక్స్‌రే తీశారు. గొంతులో, ఛాతీలో, పొట్టలో ఏమీ లేదన్నారు. రెండో సెల్ ఆ సాయంత్రం గేటు పక్కన పూలకుండీ వెనక దొరికింది. మంగళవారం సిరిమాను, అదే పూజారి కూర్చునే పొడవాటి మాను, మా కళ్ల ముందు నుంచి సాగుతుంటే మా చెల్లెలు బిడ్డను గుండెలకు హత్తుకుని నిలబడిందే గాని తలెత్తి చూడలేకపోయింది.

ఆ రోజు డాక్టరు చెప్పిన విషయాలు ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. ఈ సెల్ పేరు సీఆర్ 2032. వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు, లోపల ఉండేది లిథియం, వోల్టేజి 3. పసిపిల్లల ఆహారనాళంలో ఇరుక్కోవడానికి ఆ కొలత సరిగ్గా సరిపోతుంది. అక్కడి తడి తగలగానే సెల్ రెండు వైపుల మధ్య కరెంటు నడవడం మొదలవుతుంది. ఆ కరెంటు వల్ల సెల్ అంచు దగ్గర గాఢమైన క్షారం పుట్టి, చుట్టూ ఉన్న కండను కాల్చేస్తుంది. సెల్ పగిలి లోపలిది కారనక్కరలేదు. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. ఆహారనాళానికి రంధ్రం పడవచ్చు, పక్కనున్న రక్తనాళం దాకా గాయం పాకవచ్చు. సెల్‌ను తీసేసిన తర్వాత కూడా ఆ గాయం లోపల ముదురుతూ ఉండవచ్చట.

చాలామంది పొరపడే విషయం ఇంకొకటి ఉంది. వెలుగు తగ్గిపోయిన పాత సెల్ ప్రమాదం లేనిదని అనుకుంటాం. దీపం వెలిగించడానికి చాలని సెల్‌లో కూడా పిల్లవాడి గొంతును కాల్చేంత శక్తి మిగిలే ఉంటుంది. మింగిన మొదటి గంటల్లో ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. లేదా చొంగ ఎక్కువగా కారడం, దగ్గు, తిండి వద్దనడం వంటివి కనిపించి, జలుబేమోనని వదిలేస్తాం. అనుమానం ఉంటే చాలు, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. వాంతి చేయించకూడదు, అరటిపండు మింగిస్తే కిందికి జారిపోతుందని ప్రయత్నించకూడదు. ఎక్స్‌రేలో ఇది నాణెంలాగే కనిపిస్తుంది గాని అంచు చుట్టూ జంట వలయం ఉంటుంది, దాన్ని బట్టి గుర్తుపడతారు. అందుకే దొరికిన సెల్‌నో, దాని ఖాళీ ప్యాకెట్‌నో వెంట తీసుకెళ్లండి. ముక్కులో, చెవిలో పెట్టుకున్నా ఇదే ప్రమాదం.

ఇంటికి వచ్చాక మా ఆయన రెండో చక్రం డబ్బా విప్పి చూశారు. విప్పడం అనే మాట కూడా ఎక్కువే. గోటితో మూతను పక్కకు జరిపితే ఊడి చేతిలోకి వచ్చింది. స్క్రూ లేదు. స్క్రూ కోసం రంధ్రం కూడా లేదు. ఎక్కడో బల్ల మీద కదలకుండా ఉండే వస్తువుకైనా ఇది తప్పే, ఇక తిరిగే చక్రానికి కట్టే డబ్బాకు ఇలాంటి మూత పెట్టడం ఏ లెక్కన సబబు? గంటకు 15 కిలోమీటర్ల మామూలు వేగంతో పోయినా 26 అంగుళాల చక్రం సెకనుకు రెండు చుట్లు తిరుగుతుంది. స్పోకుల మధ్యలో కట్టిన డబ్బాను ఆ విసురు దాని బరువుకు రెండింతలకు పైగా బయటికి లాగుతుంది. గోతిలో పడితే ఆ కుదుపు వేరు. మా సైకిల్‌కు డబ్బాను ఎటు తిప్పి కట్టామో చూస్తే, మూత జారే దిశ టైరు వైపే ఉంది. అలా కట్టకూడదని కాగితం మీద ఒక్క ముక్క లేదు.

అమెరికాలో రీస్ అనే పసిపాప ఇలాంటి సెల్ మింగి 2020లో చనిపోయింది. ఆ పాప పేరుతోనే 2022లో అక్కడ చట్టం తెచ్చారు. సెల్ ఉండే అర పనిముట్టు లేకుండా తెరుచుకోకూడదు, లేదంటే ఒకేసారి రెండు రకాల కదలికలు చేస్తేనే తెరుచుకోవాలి. ఆస్ట్రేలియాలో కూడా ఆ ఏడాదే ఇలాంటి నిబంధనలు తప్పనిసరి అయ్యాయి. మనం కొనే వస్తువుకూ మనమే ఈ కొలత పెట్టుకోవచ్చు. స్క్రూ ఉందా లేదా, అంతే. ఫొటోలో డబ్బా వెనక వైపు కనిపించకపోతే అమ్మేవారిని అడగండి, జవాబు రాకపోతే కొనకండి.

మిగతా లోపాలు దీని ముందు చిన్నవే గాని చెబుతాను. 200 గంటలు వెలుగుతుందని రాశారు. మూడో సాయంత్రానికే వెనక చక్రం మసకబారింది. ఈ సెల్ సామర్థ్యం దాదాపు 220 మిల్లీ యాంప్ అవర్లు, అంటే ఒక మిల్లీ యాంప్ కరెంటును దాదాపు 220 గంటలు ఇవ్వగలదు. 200 గంటలు రావాలంటే ఇరవై దీపాలూ కలిపి ఒకటి రెండు మిల్లీ యాంప్‌లు మాత్రమే వాడుకోవాలి. అలాంటి వెలుగు వీధి దీపం కింద కంటికి ఆనదు. వానకు తట్టుకుంటుందన్నారు, కాని మూత చుట్టూ రబ్బరు అంచే లేదు. నిజంగా తట్టుకునే వాటి మీద ఐపీఎక్స్ 4 అనో అంతకంటే పై అంకెతోనో రాస్తారు. నాలుగు అంటే అన్ని వైపుల నుంచి పడే చిందులకు తట్టుకుంటుందని అర్థం. మా ప్యాకెట్ మీద ఏ అంకే లేదు.

వీటితో పాటు ఉచితమని ట్యూబు వాల్వుకు బిగించే దీపాలు రెండు వచ్చాయి. అవి మోటారు సైకిల్ వాల్వు కొలతవి. మన మామూలు సైకిళ్ల వాల్వు వేరు, దాని మీద అవి వదులుగా తిరుగుతాయి. వాటిలో ఇంకా చిన్న బటన్ సెల్స్ మూడేసి ఉన్నాయి, ఆ మూతలూ చేత్తో తిప్పితే ఊడివస్తున్నాయి. వీధి చివర సైకిల్ షాపు పెద్దాయనకు చూపించాను. రాగి తీగ ఊడి చైను వైపు పడితే వెనక చక్రం పట్టేస్తుందనీ, ఇద్దరు పిల్లల సైకిళ్లలో ఫ్రీవీలుకు, అంటే వెనక పళ్ల చక్రానికి, చుట్టుకుపోయిన తీగలను తానే కత్తిరించి తీశాననీ చెప్పారు.

ఇక రక్షణ అన్న మాట గురించి. ఇది నాకు బాగా కోపం తెప్పించిన విషయం. చక్రానికి చుట్టిన దీపాలు పక్క నుంచి చూసేవారికే కనిపిస్తాయి. కూడలిలో అడ్డంగా వచ్చే బండికి మనం కనబడతాం, అంతవరకు నిజం. కాని మా పిల్లలు సెలవుల్లో వెళ్లేది నెల్లిమర్ల రోడ్డు మీద, కోరుకొండ రోడ్డులో రామనారాయణం వైపు. అక్కడ లారీ వచ్చేది వెనక నుంచి. ఆ డ్రైవరుకు వెనక చక్రం సన్నని గీతలాగే కనిపిస్తుంది, దీపాలు మడ్‌గార్డు చాటుకు పోతాయి. మా బాబును రాత్రి వీధి చివర నిలబెట్టి, వెనక నుంచి వంద అడుగుల దూరంలో నిలబడి నేనే చూశాను. అక్కడక్కడ నీలం చుక్క మెరిసింది, అంతే. ఎరుపు కనిపించాల్సిన చోట నీలం కనిపిస్తే అది సైకిలో, దుకాణం దీపమో అని ఒక క్షణం తడబాటు కలుగుతుంది. వెనక ఎర్ర దీపం, ముందు తెల్ల దీపం ఉన్నాకే చక్రాల అలంకారం గురించి ఆలోచించాలి. ఆ రెండూ కొనకుండా దీన్ని రక్షణ అని కొన్నాను, ఆ తప్పు మీరు చేయకండి.

అమ్మినవారితో జరిగినది క్లుప్తంగా చెబుతాను. సెల్ ఫొటో, మూత లేని డబ్బా ఫొటో పంపాను. పండుగ ఆఫర్‌లో కొన్నదానికి వాపసు లేదని జవాబు వచ్చింది. ప్రమాదం గురించి నేను రాసిన దానికి ఒక్క మాట లేదు. అమ్మకం ఆపమని అడిగాను, అదే ఫొటోతో ఈ రోజుకూ అమ్ముతున్నారు. ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, గరిష్ఠ ధర ఏవీ లేవు. ప్యాకెట్లలో వచ్చే సరుకుపై ఇవన్నీ ఉండాలని 2011 నాటి నిబంధనలే చెబుతున్నాయి. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఆఫర్ పేరు చెప్పి తప్పించుకోలేరు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. పరిష్కారం ఇంకా రాలేదు. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు. 449 రూపాయలకు ఇంత అవసరమా అని బంధువులు అంటున్నారు. నేను అడుగుతున్నది డబ్బు కాదు, ఆ వస్తువును అమ్మకం నుంచి తీసేయమని.

బాబు సైకిల్‌కు ఇప్పుడు స్పోకులకు తొడిగే రిఫ్లెక్టర్ గొట్టాలు పెట్టాం. వేలెడు పొడవు, గడ్డిపోచలాంటి బరువు. సెల్ లేదు, తీగ లేదు. బండి వెలుతురు పడగానే చక్రమంతా తెల్లని వలయంలా మెరుస్తుంది. వాడికి రంగులు లేవని మొదట దిగులుగా ఉన్నా, స్నేహితుడి నాన్నగారి స్కూటర్ వెలుతురులో చూశాక దిగులు పోయింది. వెనక ఛార్జింగ్ చేసుకునే ఎర్ర దీపం, ముందు తెల్ల దీపం బిగించాం.

మీ ఇంట్లో ఈ దండలు ఇప్పటికే ఉంటే ఈ రాత్రికే మూతలు చూడండి, సెల్స్ లెక్కపెట్టండి. అలాగే టీవీ పక్కనుండే చిన్న రిమోట్లు, పాటలు పాడే బొమ్మలు, బరువు చూసే యంత్రం, వెలిగే కొవ్వొత్తుల బొమ్మలు కూడా తిప్పి చూడండి. మేం చూస్తే ఇంకో మూడు చోట్ల ఇవే సెల్స్ దొరికాయి, వాటిలో ఒకదానికి స్క్రూ లేదు. తీసిన సెల్స్‌ను ఒక్కొక్కటిగా రెండు వైపులా టేపు చుట్టి, బిగుతు మూత సీసాలో వేసి, అటక మీద పెట్టాం. పాత ఎలక్ట్రానిక్ సామాను సేకరించేవారికి ఇచ్చేదాకా అవి అక్కడే ఉంటాయి.