బొమ్మ పోయింది, బరకాలు కప్పండి! ఫ్రీ డిష్‌తో ఆరేళ్లు

నెలనెలా డబ్బు కట్టక్కర్లేని దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ పేరెత్తగానే ఎవరైనా అనే మొదటి మాట, "వానొస్తే బొమ్మ పోతుంది కదండీ" అని. రెండో మాట, "అందులో ఏముంటాయండీ, పాత చింతకాయ పచ్చడి తప్ప" అని. మా ఇంట్లో పెట్టించి ఆరేళ్లు దాటింది. రెండో మాట సంగతి తర్వాత చెబుతాను గానీ మొదటిది మాత్రం నిజం. వానొస్తే పోతుంది. ఇంకా చెప్పాలంటే వాన రాకముందే పోతుంది. నాకు అందులో బాగా నచ్చింది అదే.

మాది అంబాజీపేటకీ అమలాపురానికీ మధ్య ఒక ఊరు. కొంచెం కొబ్బరితోట, మూడెకరాల వరి. ఇంట్లో నేను, మా ఆవిడ, అమ్మ. 2019లో టీవీ టారిఫ్‌లు మారిపోయి, వంద ఛానెళ్లకి 130 రూపాయలు, దాని మీద పన్ను, పే ఛానెళ్లకి విడిగా డబ్బులు అన్నప్పుడు లెక్క వేసుకున్నాను. అమ్మ చూసేది రోజుకి రెండు గంటలు. మేం చూసేది అంతకంటే తక్కువ. కేబుల్ తీయించేసి గొడుగు (డిష్ యాంటెన్నా), బాక్సు, బిగింపు కూలీ అన్నీ కలిపి పద్దెనిమిది వందల్లో తేల్చేశాను. మా బావ ఇల్లు మా వెనక వీధిలోనే. డిష్ బిగిస్తుంటే వచ్చి చూసి, "ఏరా, అందరూ స్మార్ట్ టీవీలు కొంటుంటే నువ్వు గొడుగు పట్టుకున్నావేంట్రా" అన్నాడు. ఆ గొడుగు మాట ఇప్పటికీ వదల్లేదు.

ఆ ఏడాది సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు జరిగింది ఇది. కోత మిషన్ కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది. తేమ 17 శాతానికి దిగితే గాని కొనుగోలు దగ్గర మాట సాగదు. అందుకని ఇంటి ముందు రోడ్డు వారన ఆరబోశాం. ఎండ బాగానే ఉంది. నేను పారతో ధాన్యం తిరగేస్తున్నాను, అమ్మ లోపల టీవీ చూస్తోంది. ఉన్నట్టుండి బొమ్మ చిన్న చిన్న గళ్లుగా విరిగి, మాట తెగి తెగి వచ్చి, ఆనక తెర నల్లగా అయిపోయిందట. "ఒరేయ్ అబ్బాయ్, బొమ్మ పోయిందిరా" అని కేకేసింది. కనెక్షన్ ఊడిందేమో తర్వాత చూస్తాలే అన్నాను. అమ్మ బయటికొచ్చి సముద్రం వైపు చూసింది. తోట అడ్డు, ఏమీ కనబడదు. కొబ్బరి మొవ్వుల పైన ఆకాశం మాత్రం కాస్త మసగ్గా ఉంది. "ముందు ధాన్యం ఎత్తు" అంది.

విసుక్కుంటూనే ఎత్తాను. కుప్ప చేసి బరకం (టార్పాలిన్) కప్పి, అంచుల మీద ఇటుకలు పెడుతుంటే మొదటి చినుకు నా మెడ మీద పడింది. పావుగంటలో రోడ్డు కాలవైపోయింది. పక్కవాళ్ల ధాన్యం తడిసి ముద్దయింది. వాళ్లది మాకంటే బాగా ఆరిన ధాన్యం, అదీ బాధ.

అప్పటినుంచి మా ఇంట్లో అదొక ఆనవాయితీ అయింది. కోతల రోజుల్లో ఎవరూ చూడకపోయినా టీవీ మోగుతూనే ఉంటుంది. బొమ్మ గళ్లు పడిందంటే చేతిలో పని వదిలేసి బరకాల మీదికి పరుగు.

ఇందులో మాయేం లేదు. ఫ్రీ డిష్ ఛానెళ్లు వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి. అది భూమధ్యరేఖ మీద 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మా కోనసీమ నుంచి చూస్తే అది ఆగ్నేయం వైపు, నడినెత్తికి కాస్త కింద. ఆ సిగ్నల్ వచ్చే పౌనఃపున్యాల్ని కేయూ బ్యాండ్ అంటారు, దాన్ని వాన చినుకులు మింగేస్తాయి. సిగ్నల్ మా గొడుగులోకి నిలువుగా కాదు, ఆగ్నేయం నుంచి ఏటవాలుగా దిగుతుంది. బంగాళాఖాతంలోంచి వచ్చే వాన మేఘం మా నెత్తి మీదికి చేరేలోపే ఆ వాలు దారికి అడ్డంపడుతుంది. కింద మనం తడవకముందే పైన సిగ్నల్ తడిసిపోతుందన్నమాట. మాకు దొరికే వ్యవధి నాలుగు నిమిషాలో, ఐదో. రెండు బరకాలకి అది చాలు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నెలనెలా రీఛార్జి చేయించుకునే డీటీహెచ్‌లు కూడా పనిచేసేది ఈ కేయూ బ్యాండ్‌లోనే. వానకి అవీ పోతాయి. వాటికి పోతే "వాతావరణం బాలేదు" అంటారు, మాకు పోతే "ఫ్రీ డిష్ కదా" అంటారు. డబ్బు కట్టినంత మాత్రాన చినుకు పక్కకి తప్పుకోదు కదండీ.

ఇంత పొగిడాను గాబట్టి రెండో ఏడాది సంగతి దాచకూడదు. డిసెంబరులో ఒకరోజు పొద్దున్న తొమ్మిదింటికి బొమ్మ పోయింది. అందరం పరిగెత్తి ధాన్యం ఎత్తాం. చుక్క పడలేదు. మళ్లీ ఆరబోశాం. పదకొండింటికి మళ్లీ పోయింది. మళ్లీ ఎత్తాం. ఎండ మాడ్చేస్తోంది. మూడోసారి పోయేటప్పటికి మా ఆవిడ పార అక్కడే పడేసి, "మీకూ మీ గొడుక్కీ ఓ దండం" అని లోపలికి వెళ్లిపోయింది. మేడెక్కి చూస్తే విషయం తెలిసింది. గొడుగు పక్కనే పెరుగుతున్న మా కొబ్బరిచెట్టు ఆ ఏడాదే డాబా ఎత్తు దాటింది. గాలి వీచినప్పుడల్లా ఒక మట్ట ఊగుతూ వచ్చి సరిగ్గా గొడుగు ముందు నిలబడుతోంది. గాలి ఆగితే బొమ్మ, వీస్తే నలుపు. దింపు తీసే అతను వచ్చినప్పుడు ఆ మట్టనీ దాని పక్కదాన్నీ కొట్టించాను. కాయలున్న గెల పక్క మట్టలు కొట్టకూడదండీ అని అతను గొణిగాడు. అప్పటినుంచి ఏడాదికోసారి ఆ చెట్టుకి క్షవరం తప్పట్లేదు.

పడమటి నుంచి వచ్చే వానలకి కూడా దీన్ని నమ్ముకోకూడదు. వేసవిలో సాయంత్రాలు ఉరుములతో వచ్చేవి, జూన్, జులై వానలు చాలావరకు అటునుంచే. అప్పుడు ముందు మనం తడుస్తాం, తర్వాత బొమ్మ పోతుంది. కాబట్టి దాళ్వా (రబీ) ధాన్యానికి మా టీవీ జోస్యం పెద్దగా పనికిరాదు. సార్వాకే. అందులోనూ మా ఇల్లు, మా దిక్కు, మా సముద్రం కలిసొచ్చాయి గాబట్టి. తాడేపల్లిగూడెంలో ఉండే మా పిన్నిగారింట్లో అయితే వానా, బొమ్మ పోవడం ఒకేసారి వస్తాయట.

మెకానిక్ ఒకసారి "పెద్ద సైజు గొడుగు వేయించుకోండి బాబుగారూ, చిన్నాచితకా వానలకి పోదు" అన్నాడు. అతను చెప్పింది నిజమే. గొడుగు పెద్దదయితే సిగ్నల్ ఎక్కువ పడుతుంది, కాస్త వాన మింగినా ఇంకా మిగులుతుంది. అమ్మ ససేమిరా వద్దంది. "పోకపోతే వానొస్తుందని నాకెవరు చెబుతారు నాయనా" అని అడిగింది. అతను నా మొహం చూశాడు, నేను గొడుగు వైపు చూశాను.

ఇక పాత చింతకాయ పచ్చడి సంగతి. తెలుగు ఛానెళ్లు తక్కువ, ఒప్పుకుంటాను. సప్తగిరి, యాదగిరి పోను మాకు వచ్చేది ఎక్కువగా హిందీయే. బొమ్మని కుదించి పంపే పద్ధతుల్లో నా బాక్సుకి తెలిసింది పాతకాలం ఎంపెగ్-2 ఒక్కటే, కొత్తదైన ఎంపెగ్-4లో వచ్చే ఛానెళ్లు దానికి దొరకవు. అయితే ఆ హిందీ సినిమా ఛానెళ్లలో రోజంతా నడిచేవి మన తెలుగు సినిమాలే, హిందీ మాటలతో. ఈ డబ్బింగులని వెక్కిరించని వాళ్లు లేరు. పెదవులు ఒకటంటే మాట ఇంకోటంటుంది, హీరో పేరు మారిపోతుంది, పేరుకి తగ్గట్టు గొంతు కూడా. మా అమ్మకి ఇదేమీ పట్టదు. థియేటర్లో చూసిన సినిమాయే గాబట్టి కథ తెలుసు, డైలాగు తెలుసు. తెర మీద హిందీలో అరుస్తుంటే పక్కన తను తెలుగులో మెల్లిగా అందిస్తుంటుంది, మనవరాలికి కథ చెప్పినట్టు.

అలా వినీ వినీ ఆవిడకి హిందీ వచ్చేసింది. ఈ మధ్య మా వైపు నాట్లకి బెంగాల్ నుంచి జట్లు వస్తున్నాయి. మొన్న సార్వాకి మా చేలో దిగిన జట్టుకి మంచినీళ్లు తీసుకెళ్లి, గట్టు మీద నిలబడి, "పానీ పీలో, నహీ తో అంజామ్ బురా హోగా" అంది. మంచినీళ్లు తాగకపోతే ఫలితం ఘోరంగా ఉంటుందని. ఒక్క క్షణం అందరూ నాట్లు ఆపేశారు. తర్వాత వాళ్లలో ఒక కుర్రాడు నడుం మీద చెయ్యి వేసుకుని అదే తరహాలో జవాబు చెప్పాడు. అతని హిందీ కూడా సినిమా హిందీయేనట. ఆ పది రోజులూ వాళ్లిద్దరూ విలన్, హీరో లాగే మాట్లాడుకున్నారు. ఈ డబ్బింగులు ఎవరికీ పనికిరావని ఎవరైనా అంటే నాకు ఆ గట్టు గుర్తొస్తుంది.

క్రికెట్ ముక్క కూడా చెప్పి తీరాలి, ఇది చాలామందికి తెలియదు. దూరదర్శన్‌లో మ్యాచ్‌లు రావని కేబుల్ ఉన్నవాళ్లు అంటుంటారు. వాళ్లకి రావు, మాకు వస్తాయి. మన జట్టు ఆడే ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ని దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతితో పంచుకోవాలని 2007లో చట్టం వచ్చింది. ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత ప్రసారానికీ ఫ్రీ డిష్‌కీ మాత్రమేగానీ ప్రైవేటు కేబుల్ వాళ్లకి పోకూడదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూన్ 29 రాత్రి టీ20 ప్రపంచకప్ ఫైనల్ మా వరండాలో పాతికమంది చూశారు. వెనక వీధిలో బావ తన స్మార్ట్ టీవీలో ఇంటర్నెట్ మీద చూస్తున్నాడు. మా దగ్గర చివరి ఓవర్లో వికెట్ పడి అరుపులు మొదలయ్యేసరికి అతని తెర మీద బౌలర్ ఇంకా పరిగెత్తనేలేదు. రెండుసార్లు ఓర్చుకుని మూడోసారి చెప్పులు వేసుకుని మా ఇంటికే వచ్చేశాడు. ఏడు పరుగులతో గెలిచాం. గొడుగు గురించి ఆ రాత్రి మాత్రం ఏమీ అనలేదు.

2022 మేలో మా జిల్లాలో కొన్నాళ్లు ఇంటర్నెట్ ఆపేసినప్పుడు కూడా అతను ఇలాగే వచ్చాడు. ఆ రోజుల్లో ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లు సిగ్నల్ కోసం గోదావరి గట్ల దాకా ల్యాప్‌టాప్‌లు మోసుకెళ్లారు.

అయితే తుఫానుకి మాత్రం ఇది చేతులెత్తేస్తుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మాకు కరెంటే లేదు. టీవీ మొహం చూసినవాళ్లు లేరు, సెల్లులో రేడియో పెట్టుకుని కూర్చున్నాం. తెల్లారి చూస్తే గొడుగు పడమటికి తిరిగి ఉంది. ఉప్పు గాలికి నట్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి, కొబ్బరినూనె పోసి, సుత్తితో కొట్టి వదిలించాను. కేబుల్ చివర విప్పితే లోపలి రాగి తీగ ఆకుపచ్చగా, చుట్టూ ఉన్న అల్లిక నల్లటి పీచులా చేతికి రాలింది. అంటే ఏడాదిగా నీళ్లు దిగుతున్నాయి. ఈ మధ్య చిన్న మబ్బుకే బొమ్మ పోతుంటే వాన జోస్యం బాగా పదునెక్కిందని మురిసిపోయాను. అది జోస్యం కాదు, కుళ్లిన కేబుల్.

ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని 144 డిగ్రీల దగ్గరికి గొడుగుని తిప్పాను. కింద మా ఆవిడ టీవీ ముందు. "వచ్చిందా?" "రాలేదు!" "ఇప్పుడు?" "లేదు!" స్ట్రెంగ్త్ గీత ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, దాన్ని చూసి మోసపోకూడదు. కావాల్సింది క్వాలిటీ గీత. గంటన్నర పట్టింది. వెంట్రుకవాసి జరపగానే కింద నుంచి "ఆఁ, ఆఁ, కదపకండి!" అని అరుపు.

కొనమంటారా అని అడుగుతుంటారు. ఇంట్లో చదువుకునే పిల్లలుండి, కొత్త సినిమాలూ వెబ్ సిరీస్‌లూ కావాలంటే దీంతో సరిపెట్టుకోలేరు. తెలుగు సీరియళ్లు తప్పనిసరి అయితే అస్సలు వద్దు, మా పెద్దమ్మ నాలుగు రోజులు ఉండి అలిగి వెళ్లిపోయింది. ఛానెళ్లకిచ్చే చోట్లు (స్లాట్లు) వేలం వేస్తారు గాబట్టి ఏడాదికోసారి కొన్ని ఛానెళ్లు మాయమవుతాయి, మళ్లీ స్కాన్ చేసుకోవాలి. మేడ ఎక్కగలిగిన మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. నాకు మోకాళ్లు బాగున్నన్నాళ్లూ ఫరవాలేదు. నాలుగు నెలలు కట్టేసి ఉంచినా మళ్లీ స్విచ్ వేయగానే ఎవరినీ అడగకుండా రావడం మాత్రం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

కొత్త ఎంపెగ్-4 బాక్సు తెద్దామని దీపావళి నుంచి అనుకుంటున్నాను. అమ్మ ఒప్పుకోవడం లేదు. పాత రిమోట్‌లో అంకెలన్నీ అరిగిపోయినా ఏది ఎక్కడుందో ఆవిడ వేలికి తెలుసట. బావ మాత్రం కోతలు మొదలయ్యాక రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తున్నాడు, "ఏరా, మీ బొమ్మ వస్తోందా? ధాన్యం పరవమంటావా?" అని.