ఇంట్లో సీఎన్‌సీ రౌటర్: బెల్టా, లీడ్ స్క్రూనా, బాల్ స్క్రూనా?

సొంతంగా సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు కదులుతూ చెక్కను కోసే మెషిన్) కట్టుకుందామనుకునేవాళ్లు ముందుగా ఆరా తీసేది స్పిండిల్, అంటే కట్టర్‌ను తిప్పే మోటారు, ఎన్ని వాట్లు అని. నన్నడిగితే అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఆ స్పిండిల్‌ను అటూ ఇటూ నడిపే డ్రైవ్ ఏది అన్నది: పళ్ల బెల్టా, నట్‌ను జరిపే మర కడ్డీ అయిన లీడ్ స్క్రూనా, నట్‌లో గుండ్లుండే బాల్ స్క్రూనా. స్పిండిల్ నచ్చకపోతే నాలుగు బోల్టులు విప్పి మార్చేయొచ్చు. డ్రైవ్ మార్చాలంటే మాత్రం గాంట్రీ (స్పిండిల్‌ను మోసే వంతెన లాంటి భాగం) ప్లేట్లకు కొత్త రంధ్రాలు, కొత్త బేరింగ్ బ్లాకులు, ఒక్కోసారి ఫ్రేమ్ మొత్తం మళ్లీ మొదలు.

ముందు లెక్క చూద్దాం, సగం సంగతి అక్కడే తేలిపోతుంది. 20 పళ్ల పుల్లీ మీద 2 మి.మీ.కి ఒక పన్ను ఉండే జీటీ2 బెల్టు వేస్తే మోటారు ఒక చుట్టు తిరిగేసరికి యాక్సిస్ (ఒక దిశలో కదిలే భాగం) 40 మి.మీ. కదులుతుంది. 1605 (16 మి.మీ. మందం, చుట్టుకు 5 మి.మీ.) బాల్ స్క్రూ అయితే 5 మి.మీ., 2 మి.మీ. లీడ్ (చుట్టుకు జరిగే దూరం) ఉన్న 8 మి.మీ. మందం టీ8 లీడ్ స్క్రూ అయితే 2 మి.మీ. నిమిషానికి 1000 మి.మీ. చొప్పున ప్లైవుడ్ కోయాలనుకోండి. బెల్టుకు నిమిషానికి 25 చుట్లు చాలు, బాల్ స్క్రూకు 200, లీడ్ స్క్రూకు ఏకంగా 500. ఈ మెషిన్లలో వాడేది చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగే స్టెప్పర్ మోటారు; వేగం పెరిగేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది. అందుకే లీడ్ స్క్రూ మెషిన్‌ను తొందరపెడితే స్టెప్పులు తప్పుతుంది. బెల్టుకు ఆ ఇబ్బంది లేదు. కానీ చుట్టుకు 200 స్టెప్పులంటే దానికి ఒక్కో స్టెప్పే 0.2 మి.మీ. మైక్రోస్టెప్పింగ్‌తో ఒక్కో స్టెప్పును 16 ముక్కలు చేస్తే కాగితం మీద మి.మీ.కి 80 స్టెప్పులు వస్తాయి, నిజమే. లోడ్ పడినప్పుడు ఆ మధ్య స్థానాల్లో మోటారు గట్టిగా నిలబడదు.

అయినా బెల్టును తీసిపారేయడం సరికాదు. చవక, చప్పుడు తక్కువ, ఎంత పొడవైనా పెద్దగా ఖర్చు పెరగదు. ఎండీఎఫ్ పొడి పడినా బ్రష్‌తో దులిపితే సరి. అసలు చిక్కు సాగడం. పొడవు పెరిగేకొద్దీ ఇంకా సాగుతుంది, కాబట్టి రెండు చివర్లా బిగించిన బెల్టు మీద గాంట్రీ నడిచే మెషిన్‌లో మధ్యలోకి వచ్చేసరికి పట్టు తగ్గుతుంది. 6 మి.మీ. వెడల్పు బెల్టు బదులు 9 గానీ 15 గానీ వేస్తే తేడా చేతికే తెలుస్తుంది. గాంట్రీకి రెండు వైపులా బెల్టులుంటే రెండింటినీ వేలితో మీటి చూడండి. ఒకే స్వరం రావాలి. రాకపోతే గాంట్రీ ఐమూలగా లాగుతుంది, చతురస్రం చతురస్రంగా రాదు. షేపోకో అనే పేరున్న హాబీ సీఎన్‌సీ మెషిన్లు ఏళ్ల తరబడి బెల్టుల మీదే నడిచాయి, ఆ తర్వాత షేపోకో 5 ప్రోలో బాల్ స్క్రూలకు మారాయి. నేమ్ బోర్డులు, జాలీ పనులకు బెల్టు చాలు, అల్యూమినియం దగ్గరే బండి మొరాయిస్తుంది.

లీడ్ స్క్రూ 3018 (సుమారు 300 × 180 మి.మీ. పని స్థలం) లాంటి చిన్న కిట్లలో కనిపించేదే. పొట్టి యాక్సిస్‌కు బాగుంటుంది. పొడవు పెంచి వేగంగా తిప్పితే 8 మి.మీ. కడ్డీ కొరడాలా ఊగుతుంది. దీని అసలు రోగం బ్యాక్‌లాష్: ఇత్తడి నట్‌కూ మరలకూ మధ్య ఉండే వదులు. ఉందో లేదో చూడాలంటే 50 మి.మీ. వృత్తం కోయండి. దిశ మారే నాలుగు చోట్లా, అంటే పైనా కిందా కుడీ ఎడమా, అంచు మీద గోరు పెట్టి రాస్తే చిన్న మెట్టు తగులుతుంది. స్ప్రింగ్ ఉన్న యాంటీ బ్యాక్‌లాష్ నట్ వేస్తే చాలావరకు పోతుంది. కాకపోతే స్ప్రింగ్ బిగువుకు నట్ ఇంకా తొందరగా అరుగుతుంది.

బాల్ స్క్రూలో మర మీద ఉక్కు గుండ్లు దొర్లుతాయి. రాపిడి తక్కువ కాబట్టి మోటారు బలంలో 90 శాతం వరకు పనికి అందుతుంది. నీమా 23 సైజు స్టెప్పర్ మోటారుతో 1605 జత కుదిరితే అల్యూమినియం ప్లేటును కూడా నమ్మకంగా కోయొచ్చు. ఖర్చు ఎక్కువే, చాకిరీ కూడా ఉంది. గ్రీజు మీద కొయ్య పొడి పేరుకుంటే గుండ్లు పట్టేస్తాయి, కవర్ తప్పనిసరి. చివర్లు మెషినింగ్ చేసినవే కొనండి. ఉత్త కడ్డీ తెచ్చి ఆటోనగర్‌లో ఏ లేత్ షాపుకో తీసుకెళ్తే పైపొర గట్టిదనానికి మామూలు టూల్ ఇట్టే మొద్దుబారుతుంది. పైగా అది నిక్కచ్చిగా సెంటర్‌కు రాకపోతే పెట్టిన డబ్బంతా వృథా.

స్పిండిల్‌ను పైకీ కిందికీ నడిపే జెడ్ యాక్సిస్ సంగతి వేరు. దొర్లే గుండ్లు కిందికీ అంతే సులువుగా దొర్లుతాయి. పని మధ్యలో కరెంటు పోయిందంటే మోటారు పట్టు వదిలేస్తుంది, బరువైన స్పిండిల్ నెమ్మదిగా జారి కట్టర్‌తో సహా చెక్కలోకి దిగుతుంది. 2 మి.మీ. లీడ్ స్క్రూ అలా జారనివ్వదు, ఎక్కడిదక్కడే ఆగుతుంది. మన ఊళ్లలో కరెంటు తీరు తెలిసినవాళ్లెవరైనా దీన్ని చిన్న విషయం అనుకోరు.

అందుకని అన్ని యాక్సిస్‌లకూ ఒకటే వేయాలన్న పట్టుదల వద్దంటాను. 600 మి.మీ. చదరం మెషిన్‌కు అడ్డంగా, నిలువుగా కదిలే ఎక్స్, వై యాక్సిస్‌లకు 1605, జెడ్‌కు 2 మి.మీ. లీడ్ స్క్రూ: ఇదే నా ఓటు. జెడ్‌కూ బాల్ స్క్రూయే కావాలంటే బ్రేక్ ఉన్న మోటారో, బరువు మోసే గ్యాస్ స్ప్రింగో పెట్టండి. కంట్రోలర్‌గా ఆర్డుయినో ఊనో అనే చిన్న సర్క్యూట్ బోర్డు మీద గ్రబుల్ (GRBL) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అది సెకనుకు 30,000 స్టెప్పుల దరిదాపుల్లో ఆగిపోతుంది. 2 మి.మీ. లీడ్‌కు 16 మైక్రోస్టెప్పులు పెడితే మి.మీ.కి 1600 స్టెప్పులు, అంటే నిమిషానికి 1125 మి.మీ. దాటదు. మైక్రోస్టెప్పులను 8కి దించితే సరిపోతుంది.

ఇప్పుడు చేతిలో అంత డబ్బు లేకపోతే 15 మి.మీ. బెల్టుతోనే మొదలుపెట్టండి. కాకపోతే తర్వాత బాల్ స్క్రూకు మారే వీలుండేలా, ప్లేట్ల డ్రాయింగ్ గీసేటప్పుడే నీమా 23 మోటారుకూ, స్క్రూ రెండు చివర్లనూ పట్టుకునే బీకే12, బీఎఫ్12 బేరింగ్ బ్లాకులకూ, బాల్ నట్ హౌసింగ్‌కూ రంధ్రాలు వేయించేయండి.