పిల్లలకు మొదటి రోడ్ బైక్: కొత్తదా, సెకండ్ హ్యాండా, పెద్దవాళ్ల బండిలో చిన్న సైజా?

పిల్లాడు మామూలు సైకిల్ మీద వీధులన్నీ చుట్టేశాడు. ఇప్పుడు హ్యాండిల్ కిందికి వంగి ఉండే, సన్న టైర్ల బండి కావాలని పట్టుబట్టాడు. ఇంట్లో మొదట వినిపించే మాట ఒకటే: "కొంచెం పెద్దదే తీసుకుందాం, ఎలాగూ ఎదుగుతాడు కదా." స్కూలు యూనిఫామ్‌కి ఆ లెక్క సరిపోతుంది, అంచు మడిచి కుట్టించుకోవచ్చు. రోడ్ బైక్‌కి సరిపోదు. ఇది నడుము వంచి, చేతులు ముందుకు చాచి తొక్కే బండి. సీటు దించితే కాళ్లు అందుతాయి గానీ, బ్రేకులు మాత్రం ఎంత దూరంలో ఉన్నాయో అంత దూరంలోనే ఉంటాయి.

ఖర్చు తగ్గించుకోవాలంటే మనకున్న దారులు ఇవీ: పిల్లల సైజులో కొత్త రోడ్ బైక్, అదే సైజులో మంచి కంపెనీది సెకండ్ హ్యాండ్, పెద్దవాళ్ల రోడ్ బైక్‌లో అతి చిన్న ఫ్రేమ్, ఇవేవీ కాకుండా నేరు హ్యాండిల్ ఉండే తేలికపాటి హైబ్రిడ్. పాత గేర్ సైకిల్‌కి వంపు హ్యాండిల్ బిగించుకోవడం అనే అయిదో దారి కూడా ఉందంటారు. దాని సంగతి కింద చెబుతాను, రెండు ముక్కల్లో తేలిపోతుంది.

ఈ నాలుగింటినీ చాలామంది ధర, రంగు, గేర్ల సంఖ్య చూసి పోలుస్తారు. నేనైతే ముందు పిల్లల వేళ్లు చూస్తాను.

ముందు చెయ్యి, తర్వాతే ఎత్తు

వంపు హ్యాండిల్ మీద చేతులు ఎక్కువసేపు ఉండేది పైన రబ్బరు తొడుగులున్న లీవర్ల మీద. అక్కడి నుంచి బ్రేకు నొక్కాలంటే చూపుడు వేలు, మధ్య వేలు లీవర్‌ని చుట్టి లాగాలి. పెద్దవాళ్ల చేతికి తయారుచేసిన లీవర్ అయితే తొమ్మిదేళ్ల పిల్ల వేలి కొన మాత్రమే దానికి తగులుతుంది. తగిలితే చాలదు కదా, లాగే బలం కూడా ఉండాలి. వేలి కొనతో లాగే బలం ఏ పిల్లకీ ఉండదు.

దీన్ని తేల్చుకోవడం తేలికే. పిల్లని బండి మీద కూర్చోబెట్టి ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టుకోమనండి. మీరు వెనక నుంచి మెల్లగా నెట్టండి. ముందు చక్రం తిరగకూడదు. తిరిగిందంటే, "నాన్నా, అందట్లేదు" అని పిల్ల నోటితో చెప్పకపోయినా మీకు జవాబు దొరికినట్టే. చేతులు కింది వంపులోకి మార్చి అదే పరీక్ష ఇంకోసారి చెయ్యండి. కొందరు పిల్లలకు పైనుంచి అందని లీవర్ కింది నుంచి బాగానే అందుతుంది. కానీ పిల్లలు కిందికి వంగి తొక్కేది తక్కువ, పైన దొరకని బ్రేకు అవసరం వచ్చినప్పుడు దొరకనట్టే లెక్క.

అందనంత మాత్రాన బండిని వెంటనే వద్దనుకోనక్కర్లేదు. ఇప్పటి లీవర్లు చాలావాటిలో లోపలి వైపు చిన్న స్క్రూ ఉంటుంది, అది తిప్పితే లీవర్ హ్యాండిల్‌కి దగ్గరగా వస్తుంది. కొన్ని పాతవాటిలో చిన్న ముక్క ఒకటి లోపల పెట్టి దగ్గరకు తెస్తారు. అయితే లీవర్ దగ్గరకొచ్చేకొద్దీ అది కదలడానికి ఉండే జాగా తగ్గిపోతుంది. కాబట్టి కేబుల్ కూడా బిగించి, లీవర్ హ్యాండిల్‌కి ఆనకముందే బ్రేకు పట్టేలా చూసుకోవాలి. ఇంకో మంచి ఏర్పాటు, హ్యాండిల్ పైన నేరుగా ఉండే భాగంలో అదనపు జత లీవర్లు. పిల్లల రోడ్ బైక్‌లు కొన్నింటికి ఇవి బిగించే వస్తాయి. రేసు బండి మోజున్న పెద్దవాళ్లు వీటిని చూసి మూతి విరుస్తారు గానీ, మొదటి నెలల్లో పిల్లలకు ధైర్యం ఇచ్చేవి ఇవే.

ఈ ఒక్క పరీక్షతోనే పిల్లల సైజు బండ్లు, కొత్తవైనా పాతవైనా, పెద్దవాళ్ల చిన్న ఫ్రేమ్ కంటే ముందుంటాయి.

పెద్దవాళ్ల చిన్న ఫ్రేమ్‌తో చిక్కేమిటి?

"పదేళ్లు పనికొస్తుంది" అనే మాట వినడానికి బాగుంటుంది. పిల్లవాడి ఎత్తు 150 సెంటీమీటర్లు దాటితే ఆ మాటలో నిజమూ ఉంది. అంతకన్నా పొట్టి అయితే మూడు చోట్ల తేడా కొడుతుంది.

మొదటిది క్రాంక్, అంటే పెడల్‌ని పట్టుకుని తిరిగే కడ్డీ. పెద్దవాళ్ల బండికి ఎంత చిన్న ఫ్రేమ్ అయినా సాధారణంగా 165 లేదా 170 మిల్లీమీటర్ల క్రాంక్ వస్తుంది. 24 అంగుళాల పిల్లల బండికి 140 నుంచి 152 దాకా ఉంటుంది. 170కీ 145కీ తేడా 25 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. పాదం తిరిగే చక్రం అడ్డంగా కొలిస్తే అది 5 సెంటీమీటర్లు. ఆ 5 సెంటీమీటర్ల కోసం ప్రతి తొక్కుకీ పిల్లవాడి మోకాలు పొట్టలోకి వస్తుంది, తుంటి అటూ ఇటూ ఊగుతుంది. వెనక సైకిల్ మీద వస్తూ చూస్తే ఆ ఊపు స్పష్టంగా తెలుస్తుంది.

రెండోది ముందు చక్రం. చిన్న ఫ్రేమ్‌లో పెద్దవాళ్ల రోడ్ బైక్‌లకు మామూలుగా వచ్చే పెద్ద చక్రం (700సీ అంటారు) ఇరికిస్తే, హ్యాండిల్ బాగా తిప్పినప్పుడు బూటు కొన చక్రానికి తగులుతుంది. వేగంలో అంతగా హ్యాండిల్ తిప్పం కాబట్టి పెద్దవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. మెల్లగా గుండ్రంగా తిరగడం నేర్చుకునే పిల్లలకు మాత్రం కింద పడేది సరిగ్గా అక్కడే.

మూడోది గేర్లు. పెద్దవాళ్ల మొదటి స్థాయి రోడ్ బైక్‌లో ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనక 11 నుంచి 28 దాకా ఉండటం మామూలు. అన్నిటికంటే తేలిక గేరులో కూడా పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు రెండున్నర మీటర్లు కదులుతుంది. పిల్లల బండిలో ముందు 36 పళ్లది ఒకటే, వెనక 11 నుంచి 32 అనుకోండి. చక్రం చిన్నది కాబట్టి తేలిక గేరులో చుట్టుకు 2 మీటర్లే. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ అర మీటరు తేడాయే దిగి నడిపించడమా, తొక్కుకుంటూ ఎక్కడమా అన్నది తేలుస్తుంది. మరి పై గేరు చాలదేమో అంటారా? అదే బండి పై గేరులో నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 31 కిలోమీటర్ల పైనే పోతుంది. పదేళ్ల పిల్లకి అంతకు మించి ఎందుకు? అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 17, 18 ఏళ్ల రేసర్లకే 2022 చివరి దాకా చుట్టుకు 7.93 మీటర్లు దాటే గేరు వాడనిచ్చేది కాదు. ఆ పెద్దవాళ్ల బండి పై గేరు 9 మీటర్లు దాటుతుంది. అంటే మీ పిల్ల ఎప్పటికీ వాడని గేర్లకు డబ్బు కట్టి, వాటి బరువు కూడా ఆమె చేతే మోయిస్తున్నట్టు.

కొత్త చవకదా, పాత మంచిదా?

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. చవక కొత్త బండిలో నాకు నచ్చనిది దాని బరువు. కొన్ని బండ్లు చూడ్డానికి అచ్చం రేసు బండిలా ఉంటాయి. చేత్తో ఎత్తితే ఇనుప ఫ్రేమ్, ముందు చక్రాన్ని పట్టుకునే ఇనుప ఫోర్క్, మందపాటి సీటు గొట్టం కలిసి 12 కిలోలు తూగుతాయి. 30 కిలోల పిల్లకి 12 కిలోల బండి అంటే, 70 కిలోల మనిషి 28 కిలోల సైకిల్ తొక్కినట్టు. మీరు తొక్కుతారా? మంచి పిల్లల రోడ్ బైక్ 9 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఆ మూడు కిలోల తేడా ఏ గేరూ పూడ్చలేదు.

కాబట్టి చేతిలో డబ్బు తక్కువైతే, కొత్త చవక బండి కంటే మూడు నాలుగేళ్లు వాడిన మంచి అల్యూమినియం బండికే నా ఓటు. పిల్లల బండ్లకు ఒక వీలుంది: అవి అరిగేలోపే పిల్లలు ఎదిగిపోతారు. 24 అంగుళాల బండి ఇంచుమించు 125 నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తు దాకా నడుస్తుంది. పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు కాబట్టి, మొదట్లోనే కొన్నా మూడేళ్లు దాటితే బండి చిన్నదైపోతుంది. అప్పుడు బాగున్న బండే అమ్మకానికి వస్తుంది. పిల్లల సైకిళ్లకు పేరున్న బ్రిటిష్ కంపెనీ ఐలాబైక్స్ 2023లో సైకిళ్ల తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది. అయినా వంపు హ్యాండిల్ ఉండే దాని లూఅత్ మోడల్ సెకండ్ హ్యాండ్‌లో కనబడితే చూడదగ్గదే. పిల్లల సైకిళ్లే చేసే ఇంకో కంపెనీ ఫ్రాగ్ వాళ్ల రోడ్ బైక్‌లదీ అదే మాట. ఇలాంటివి మళ్లీ అమ్మినా పెట్టినదాంట్లో చాలా భాగం వెనక్కి వస్తుంది.

సెకండ్ హ్యాండ్ అన్నాక టెన్షన్ ఉంటుంది, నిజమే. అయితే చూడాల్సినవి మరీ ఎక్కువేం లేవు. చైను మీద స్కేలు పెట్టండి. ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెట్టి 24వ లింకు తర్వాతి పిన్ను మధ్య దాకా కొత్త చైను సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు సాగితే వెనక పళ్ల చక్రాలూ అరిగిపోయి ఉంటాయి, ధర ఆ మేరకు తగ్గించమని అడగండి. రిమ్ము మీద బ్రేకు రబ్బరు తగిలే చోట వేలితో తడమండి. గుంటగా తగిలితే రిమ్ము అరిగిపోయింది, చక్రం మార్చక తప్పదు, అది పెద్ద ఖర్చు. సీటు గొట్టం పైకీ కిందికీ జరుగుతోందో లేదో అమ్మేవాళ్ల ముందే చూడండి. వానలో నానిన బండిలో అది ఫ్రేమ్‌కి పట్టేసి ఉంటే, పిల్ల ఎదిగినా సీటు ఎదగదు. ముందు గొట్టం కింద, ఫోర్క్ కలిసే చోట పెయింట్ ముడతలు పడి ఉన్నా, గీతలా చీలినా బేరం ఆడకుండా వచ్చేయండి. ఆ బండి దేన్నో గట్టిగా గుద్దుకుంది.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. టైరు పక్కన రాసి ఉండే అంకె. 24 అంగుళాల చక్రమని రెండింటినీ అంటారు గానీ, ఒక రకం రిమ్ము వ్యాసం 507 మిల్లీమీటర్లు, ఇంకోటి 520. టైరు మీద 32-507 అనో 25-520 అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దానికి తయారైన టైరు దీనికి ఎక్కదు. 507 రకం మామూలు పిల్లల సైకిళ్లకూ వాడతారు కాబట్టి టైరు తేలిగ్గా దొరుకుతుంది. 520 సన్నగా, చురుగ్గా పోతుంది, కానీ టైరు కోసం వెతుక్కోవాలి. మిగతావన్నీ సమానంగా ఉంటే నేను 507నే తీసుకుంటాను. కాస్త వెడల్పు టైరు వేసుకుంటే గతుకుల్లో పిల్ల చేతులకూ హాయి.

చవకదే అయినా కొత్తది కొనడం సబబయ్యే చోటు ఒకటుంది. సెకండ్ హ్యాండ్‌లో మీ పిల్ల సైజు దొరక్క, ఒక సైజు పెద్దది కొనేద్దామని మనసు లాగుతుంటే, అప్పుడు కొత్తదే మేలు. బరువు 10 కిలోలు మించకుండా, గేర్లు ముందు ఒకటి వెనక ఏడో ఎనిమిదో ఉన్నది చూసుకోండి.

నేరు హ్యాండిల్‌ని తక్కువగా చూడొద్దు

ఇంకా ఒంటి చేత్తో బండి నడపడం, వెనక్కి తిరిగి చూడటం రాని పిల్లలకి వంపు హ్యాండిల్ తొందరే అవుతుంది. సన్న టైర్లు, గట్టి ఫోర్క్ ఉన్న తేలిక హైబ్రిడ్ వాళ్లకు సరిపోతుంది. బ్రేకులు రెండు వేళ్లకు అందుతాయి, గేరు బొటనవేలితో మారుతుంది, వేగం రోడ్ బైక్‌కి కొంచెమే తక్కువ. ధర కూడా తక్కువే. ముందు స్ప్రింగుల ఫోర్క్ ఉన్నది మాత్రం వద్దు. పిల్లల బరువుకి అది సరిగా నొక్కుకోదు, మోయడానికి మాత్రం కిలో పైనే అదనం. ఇందులో లోటు దూరం వెళ్లినప్పుడు బయటపడుతుంది. చేతులు మార్చి పట్టుకోవడానికి చోటు ఉండదు, ఎదురుగాలిలో వంగడానికి వీలుండదు. వారానికోసారి పార్కు దాకా వెళ్లొచ్చేవాళ్లకి ఇవి రెండూ లెక్కలోకి రావు. సైక్లింగ్ క్లబ్బులో చేరి తోటి పిల్లలతో పోటీ పడేవాళ్లకి వస్తాయి.

ఈ హైబ్రిడ్‌కో, ఇంట్లో ఉన్న పాత గేర్ సైకిల్‌కో తర్వాత వంపు హ్యాండిల్ బిగిద్దాం అనేదే ఆ అయిదో దారి. వంపు హ్యాండిల్‌తో చేతులు ఇంకా ముందుకు పోతాయి, బండి ఒక్కసారిగా పెద్దదైపోతుంది. పైగా రోడ్ లీవర్ లాగే కేబుల్, ఇలాంటి సైకిళ్లకు ఉండే వీ-బ్రేకులకు (రిమ్ముని రెండు పక్కల నుంచి నొక్కే పొడవు చేతుల బ్రేకులు) కావలసిన దాంట్లో ఇంచుమించు సగమే. లీవర్ హ్యాండిల్‌కి ఆనుతుంది, బ్రేకు సరిగా పట్టదు. దానికి తగ్గ లీవర్లో, చిన్న వీ-బ్రేకులో వేరే కొనాలి, గేరు లీవర్లూ మార్చాలి. అన్నీ కూడితే ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ రోడ్ బైకే వస్తుంది.

ఇంట్లో వెనకాల ఇంకో పిల్లో పిల్లాడో ఉంటే లెక్క మారుతుంది. ఒకే బండి ఇద్దరికీ ఆరేళ్ల దాకా నడుస్తుందనుకుంటే, చవకది కాకుండా మంచి కంపెనీది కొత్తదే కొనమంటాను, 507 చక్రాలతో. పెద్ద పిల్ల బండి దిగేటప్పటికి చైను, కేబుళ్లు, బ్రేకు రబ్బర్లు మార్చి, హ్యాండిల్ పట్టీ చిన్నదానికి నచ్చిన రంగులో వేయించండి. అక్క వాడిన బండి అని అలిగేవాళ్లు ఆ పట్టీ చూసి సగం చల్లబడతారు.