ప్యానెల్ వెనుక పది సెంటీమీటర్ల ఖాళీ

గదిలో మోత తగ్గించడానికి నాలుగేళ్ల క్రితం సొంతంగా చేసుకున్న ఎనిమిది సౌండ్ ప్యానెళ్ల గురించి చెప్పమంటే, వాటిలో నింపిన రాక్‌వూల్ (రాతి నారల దూది) గురించి కాదు, వాటి వెనుక వదిలిన ఖాళీ గురించి ముందు చెబుతాను. ఆ ఖాళీకి ఖర్చేమీ కాలేదు. చేసేటప్పుడు దాని ఊసే నాకు తెలియదు. ఇప్పుడు ఆ గదిలో మైకు ముందు కూర్చున్న ప్రతిసారీ మనసులో దానికే దండం పెట్టుకుంటాను.

చూపులేని పాఠకుల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేయడం నా పని. గది చిన్నది, పొడవు 3.6 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు. నున్నటి గోడలు ఎదురెదురుగా ఉండటంతో చప్పట్లు కొడితే తీగ మీటినట్లు ఒక మోత సాగేది. ఫ్రేము ఎలా బిగించాలో, గుడ్డ ఎలా లాగి పిన్నులు కొట్టాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ జోలికి పోను. ఒక్కో ప్యానెల్ 120 సెంటీమీటర్ల ఎత్తు, 60 వెడల్పు, లోపల 5 సెంటీమీటర్ల మందం రాక్‌వూల్. గుడ్డను పెదవులకు ఆనించి ఊదితే ఊపిరి అవతలికి పోవాలి, పోకపోతే ఆ గుడ్డ వద్దు. వెనుక భాగాన్ని ప్లైవుడ్‌తో మూసేద్దామనుకున్నాను కానీ చెక్క తక్కువ పడింది. అందుకని వెనుక కూడా అదే గుడ్డ చుట్టి వదిలేశాను. ఆ చెక్క తక్కువ పడటం ఎంత మేలు చేసిందో తెలియడానికి ఏడాదిన్నర పట్టింది.

అన్నింటినీ గోడలకు ఆనించి బిగించిన తొలి వారంలో నా సంబరానికి అంతులేదు. చప్పట్ల మోత మాయమైంది. శ, ష, స మూడూ వేటికవి విడివిడిగా వినిపించాయి. ఒత్తులు స్పష్టంగా పలికాయి. గది స్టూడియో అయిపోయిందని కనిపించిన ప్రతివారికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి. అబద్ధం కాదు కానీ అది సగం నిజం.

మిగిలిన సగం నాకు ఒక శ్రోత చెప్పారు. మూడో పుస్తకం విన్నాక, ‘మాట బాగానే తెలుస్తోంది, కానీ కుండలో తలపెట్టి చదువుతున్నట్లుంది’ అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మళ్లీ మళ్లీ విన్నాను. ఆయన అన్నది అక్షరాలా నిజం. ‘దూరం’, ‘గూడు’, ‘లోకం’ వంటి మాటలు వచ్చినప్పుడల్లా ఆ ఊకారం దగ్గర, ఓకారం దగ్గర గది కూడా నాతో గొంతు కలుపుతోంది. ఇకార, ఏకారాల దగ్గర ఆ పేచీ అంతగా లేదు. ప్యానెళ్లు పెట్టకముందు కూడా ఆ హోరు ఉండే ఉంటుంది. పైస్థాయి మోత దాన్ని కప్పి ఉంచింది. పైది పోయేసరికి కిందిది బయటపడింది.

తప్పు మైకుదే అనుకున్నాను. దగ్గరికి జరిగాను, దూరం జరిగాను. సాఫ్ట్‌వేర్‌లో కింది స్థాయిని కోసి చూశాను, గొంతు పలచబడి పరాయి మనిషిది అయిపోయింది. కుండ మాత్రం పోలేదు. అలా ఏడాది గడిచింది.

ఆ తర్వాత గదికి రంగులు వేయించాల్సి వచ్చింది. ప్యానెళ్లన్నీ దించాం. రంగు వేసిన రెండో రోజుకే ఒక అధ్యాయం పూర్తిచేసి ఇవ్వాలి. గోడ ఇంకా తడిగా ఉంది కాబట్టి మళ్లీ తగిలించడానికి లేదు. కుర్చీలు, స్టూళ్లు తెచ్చి, రంగు అంటకుండా గోడకు జానెడు దూరంలో వేసి, వాటి మీద ప్యానెళ్లను నిలబెట్టాను. అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఈ ఒక్క పూటకు ఎలాగో సరిపెట్టుకుందామని చదివేశాను.

మర్నాడు ఉదయం హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే మొదటి పేజీలోనే ‘ఊరు’ అనే మాట వచ్చింది. ఆపేశాను. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. గది గొంతు కలపలేదు. ఊకారం నా నోటి నుంచి వచ్చి, వచ్చినంతలోనే ముగిసింది. పొరపాటున మైకు మార్చానేమోనని చూశాను, అదే మైకు. కూర్చున్న చోటు కూడా అదే. మారినవి గోడల రంగు, ప్యానెళ్లు నిలబడిన తీరు, ఈ రెండే. రంగుకు ఇంత శక్తి ఉండదు.

గోడ ఆరిన తర్వాత ఆ ప్యానెళ్లను గోడకు ఆనించి ఒక పేరా చదివాను. కుండ తిరిగి వచ్చింది. జానెడు ముందుకు జరిపి అదే పేరా చదివాను. పోయింది. నా చెవిని నేనే నమ్మలేక మా అమ్మాయిని పిలిచాను. ఏది ఎప్పటిదో చెప్పకుండా ఆరు ముక్కలు కలగలిపి వినిపించాను. ప్రతిసారీ తడుముకోకుండా ఒకే రకాన్ని ఎంచింది. ‘నాన్నా, ఇది నువ్వు పక్కన కూర్చుని చదువుతున్నట్లుంది, అది పక్కగదిలోంచి చదువుతున్నట్లుంది’ అంది. ఆ మాట విన్నప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను, అది తెలిశాక మరింత ముచ్చటేసింది. గోడను తాకే చోట గాలికి ముందుకూ వెనక్కూ ఊగే వీలుండదు, అక్కడ ఒత్తిడి మాత్రమే పెరుగుతుంది. రాక్‌వూల్‌కు కావలసింది ఒత్తిడి కాదు, కదలిక. సన్నని నారల మధ్య గాలి అటూ ఇటూ ఊగుతుంటే ఆ రాపిడిలో ధ్వని వేడిగా మారి కరిగిపోతుంది. ఆ ఊపు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది గోడ నుంచి తరంగం పొడవులో నాలుగో వంతు దూరంలో. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక 1000 హెర్ట్జ్, అంటే సెకనుకు వెయ్యిసార్లు ఊగే తరంగం పొడవు 34 సెంటీమీటర్లు, దానిలో నాలుగో వంతు ఎనిమిదిన్నర. గోడకు ఆనిన 5 సెంటీమీటర్ల ప్యానెల్‌కు అది బాగానే అందుతుంది. అదే కింది స్థాయిలోని 250 హెర్ట్జ్‌కు వస్తే తరంగం పొడవు 1.37 మీటర్లు, నాలుగో వంతు 34 సెంటీమీటర్లు. ఆ తరంగానికి గోడను అంటుకున్న నా రాక్‌వూల్ దాదాపు గాలి కదలని చోట కూర్చుంది. 10 సెంటీమీటర్లు ముందుకు తెస్తే ప్యానెల్ ముఖం గోడకు 15 సెంటీమీటర్ల దూరంలోకి వస్తుంది. ఆ దూరంలో గాలి ఊపు గరిష్ఠంలో సగం దాటుతుంది. అంత చాలు. వెనుక ప్లైవుడ్ కొట్టి ఉంటే గోడకు బదులు ఆ చెక్కే అడ్డు నిలిచేది, ఖాళీ వదిలినా ఇంత ఫలితం దక్కేది కాదు.

ప్యానెళ్లను అటూ ఇటూ జరిపిన ఆ రోజుల్లోనే వాలెస్ క్లెమెంట్ సబీన్ గురించి చదివాను. 1895లో హార్వర్డ్‌లో, ఫాగ్ ఆర్ట్ మ్యూజియంలోని ఉపన్యాసశాలలో మాట అర్థం కావడం లేదని, దాన్ని బాగుచేసే పని ఈ యువ భౌతికశాస్త్రజ్ఞుడికి అప్పగించారు. ఖాళీ శాలలో ఒక ధ్వని ఐదున్నర సెకన్లకు పైగా వినిపిస్తూనే ఉండేది. ఆయన రాత్రిపూట పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించి తెచ్చి, శాలలో పరిచి, ధ్వని ఎంతసేపటికి ఆగిపోతుందో కొలిచి, తెల్లవారేలోగా తిరిగి చేర్పించేవారట. మా అమ్మాయీ నేనూ ప్యానెళ్లు మోసిన సాయంత్రాలు గుర్తొచ్చి ఆయన మీద గౌరవం రెట్టింపైంది. ధ్వని పీల్చుకునే శక్తికి ఆయన తీసుకున్న కొలత తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన ధ్వని తిరిగి రాదు కదా. ఇంత సులువుగా ఆ సంగతి చెప్పినవారు మరొకరు నాకు తారసపడలేదు.

ఇప్పుడు ఆరు ప్యానెళ్లకు నాలుగు మూలలా 10 సెంటీమీటర్ల చెక్క దిమ్మెలు బిగించి, వాటి మీదుగా గోడకు తగిలించాను. 25 సెంటీమీటర్లు కూడా ప్రయత్నించాను. చెవికి పెద్దగా తేడా తెలియలేదు కానీ గది ఇరుకైపోయింది. ఖాళీలో సాలెగూళ్లు పడతాయి, దుమ్ము చేరుతుంది. నెలకోసారి వాక్యూమ్ క్లీనర్ గొట్టం పెట్టి లాగాల్సిందే.

రాక్‌వూల్ మీద మొదట్లో కురిపించిన పొగడ్త కూడా ఇప్పుడు అంత ధారాళంగా రాదు. రెండు ప్యానెళ్లలో తక్కువ సాంద్రత ఉన్నది వాడాను, ముట్టుకుంటే మెత్తగా ఉండే రకం. మూడో ఏడు వచ్చేసరికి లోపల కిందికి జారి, పైన నాలుగు వేళ్ల మేర ఖాళీ గుడ్డే మిగిలింది. బయటికి ఏమీ కనిపించదు, చేత్తో నొక్కితే తెలిసింది. విప్పి, అడ్డంగా రెండు వరుసల తీగ కట్టి మళ్లీ నింపాను. ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్నవి కదల్లేదు. విప్పినప్పుడు నారలు చేతికి గుచ్చుకుని రెండు రోజులు దురద పెట్టింది కనుక చేతితొడుగులు, మాస్కు లేకుండా ఎవరూ ఆ పని చేయకండి.

ఇదంతా నా గొంతుకు, నా గదికి సరిపోయిన సంగతి. నేను చేసేది మాట రికార్డు మాత్రమే. గది 3 మీటర్ల వెడల్పు వల్ల 57 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ దానికి రెట్టింపు 114 దగ్గర నిలువ తరంగాలు, అంటే ఎదురెదురు గోడల మధ్య ఒకేచోట నిలిచి మోగే తరంగాలు పుడతాయి. నేను గొంతు బాగా దించి చదివితే ఆ 114 దగ్గర గది ఇప్పటికీ పలుకుతుంది. ఈ మందం ప్యానెళ్లు దాన్ని అణచలేవు. అందుకే గంభీరమైన పాత్రల సంభాషణ వచ్చినప్పుడు కాస్త పై స్థాయిలో చదువుతాను. తబలా, బాస్ గిటారు వాయించేవారికి ఇంతకంటే మందమైనవి, మూలల్లో నేల నుంచి పైదాకా ఉండేవి కావాలి. బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపాలనుకునేవారికి ఇవి ఎందుకూ పనికిరావు, వీధిలోని హారన్లు నాకు మునుపటిలాగే వినిపిస్తున్నాయి. అద్దె ఇంట్లో ఉండి గోడకు మేకు కొట్టలేనివారు నేను చేసినట్లు స్టూళ్ల మీద నిలబెట్టి ముందు వినండి. గోడకు కొట్టే అవసరమే రాకపోవచ్చు.

ఆ మొదటి మూడు పుస్తకాలను మళ్లీ చదువుతున్నాను. రెండు అయ్యాయి, మూడోది సగంలో ఉంది. మిగిలిన రెండు ప్యానెళ్లు తలుపు పక్క గోడ మీద ఉన్నాయి. వాటిని మాత్రం ముందుకు జరపలేదు, జరిపితే తలుపు తెరుచుకోదు.