ఆండ్రాయిడా, ఐఫోనా? ముందు ప్రింటరు సంచిలో వేసుకోండి

మా బామ్మర్దికి హాలియాలో కిరాణా దుకాణం ఉంది. పాత ఫోన్ సతాయిస్తుంటే ఐఫోన్ మీద మనసు పడ్డాడు. "దాంట్ల యాప్‌లు తక్కువుంటయంటున్నరు, నిజమేనా బావా?" అని అడిగాడు. బిల్లులు కొట్టే బ్లూటూత్ ప్రింటరు సంచిలో వేసుకుని నల్లగొండకు రమ్మన్నాను.

క్లాక్ టవర్ దగ్గరి మొబైల్ షాపులో ప్రింటరును కౌంటర్ మీద పెట్టాం. ఆండ్రాయిడ్ ఫోన్లో బ్లూటూత్ ఆన్ చేయగానే దాని పేరు కనిపించింది. పిన్ అడిగితే 0000 కొట్టాడు. కందిపప్పు రెండు కిలోలు, నూనె ప్యాకెట్ ఒకటి అని చిట్టీ బయటికొచ్చింది. ఐఫోన్లో ఎంత వెతికినా ప్రింటరు పేరే రాలేదు. పాత రకం బ్లూటూత్‌తో యాప్‌కు డేటా పంపించే పరికరాలకు ఆపిల్ అనుమతి కావాలి, చవక ప్రింటర్లలో చాలావాటికి అది ఉండదు. 'లో ఎనర్జీ' బ్లూటూత్ ఉన్న ప్రింటర్లు ఐఫోన్‌తోనూ నడుస్తాయి. మనవాడిది ఆ రకం కాదు.

యాప్‌లు లెక్కపెడితే ఏమీ తేలదు. రెండు స్టోర్లలోనూ లక్షల్లో ఉన్నాయి, మనం వాడేవి పదో పదిహేనో. వాట్సాప్, ఫోన్‌పే, గూగుల్ పే, యూట్యూబ్, బ్యాంకు యాప్‌లు రెండింట్లోనూ ఉన్నాయి. అక్కడిదాకా ఏది కొన్నా ఒకటే.

అట్లని యాప్‌లను లెక్కచేయనక్కర్లేదా అంటే, మైక్రోసాఫ్ట్ తెచ్చిన విండోస్ ఫోన్ సంగతి గుర్తుచేసుకోవాలి. 2010లో వచ్చింది, నున్నగా నడిచేది, తక్కువ ధర నోకియా లూమియా ఫోన్లు మన దగ్గర బాగానే అమ్ముడుపోయాయి. కానీ వాడేవాళ్లు తక్కువని కంపెనీలు యాప్‌లు చేయలేదు, యాప్‌లు లేవని జనం కొనలేదు. గూగుల్ అయితే యూట్యూబ్ యాప్ కూడా ఇవ్వలేదు. 2013లో మైక్రోసాఫ్ట్ తానే ఒకటి తయారుచేస్తే గూగుల్ దాన్ని అడ్డుకుంది. 2019 డిసెంబర్ 31తో వాట్సాప్ కూడా ఆగిపోయింది. ఫోన్ చెడిపోకపోయినా పక్కన పడేయాల్సిందే. సెకండ్ హ్యాండ్ ఐఫోన్ చూసేవాళ్లకూ ఇదే చిక్కు: 2025 మే నుంచి ఐఓఎస్ (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) 15.1 కంటే పాతవాటిలో వాట్సాప్ నడవదు, అంటే ఐఫోన్ 6 ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఐఫోన్లో వీడియో కాల్స్‌కు ఆపిల్ వాళ్ల ఫేస్‌టైమ్ ఉంటుందని షాపబ్బాయి ఊరించాడు. మా చుట్టాల్లో పాలమూరు నుంచి ముంబై, పుణెలకు పనికి పోయినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఇంటికి వాట్సాప్‌లోనే వీడియో కాల్ చేస్తారు. అవతలివాళ్ల దగ్గర లేని యాప్ మన ఫోన్లో ఉండి ఏం లాభం?

ఇక మామ సంగతి. బోరు మోటరుకు సిమ్ స్టార్టర్ పెట్టించాడు. దాని యాప్ ఆండ్రాయిడ్‌కే ఉంది. ఆయన ఆ యాప్ ఎన్నడూ తెరవలేదు, మిస్డ్ కాల్ ఇస్తాడు, మోటరు నడుస్తుంది. ఆయనకు యాప్‌లు తక్కువైతే కాదు, ఎక్కువైతేనే ప్రమాదం. ఊరి గ్రూపుల్లో పీఎం కిసాన్ అనో, చలాన్ అనో, పెళ్లి పత్రిక అనో పేరు పెట్టి ఏపీకే ఫైళ్లు, అంటే స్టోర్‌తో పని లేకుండా నేరుగా వేసుకునే ఆండ్రాయిడ్ యాప్‌లు, తిరుగుతున్నాయి. నొక్కి ఇన్‌స్టాల్ చేసి, అది అడిగిన అనుమతులన్నీ ఇస్తే మెసేజ్‌లు చదివే అధికారం దొంగల చేతికి పోతుంది, ఓటీపీలు వాళ్లకు చేరతాయి. ఆండ్రాయిడ్‌లో స్టోర్ బయటి యాప్ కూడా వేసుకోవచ్చు, అదే దాని బలం, అదే దాని బలహీనత. ఐఫోన్లో ఏపీకే నడవనే నడవదు. ఈ ఒక్క విషయంలో నేను ఐఫోన్‌కే ఓటేస్తాను.

"అయితే నాన్నకు ఐఫోన్ కొనిస్తే పోలా?" అంది మా ఆవిడ. ధర చెప్పేసరికి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అంత డబ్బు పోసి కొనాల్సిన పని లేదు, ఒక సెట్టింగ్ మారిస్తే చాలావరకు సరిపోతుంది.

బామ్మర్ది చివరికి ఆండ్రాయిడే తీసుకున్నాడు. దుకాణం లేకుంటే ఐఫోనే తీసుకోమనేవాణ్ణి, ఏళ్ల తరబడి అప్‌డేట్లు వస్తాయి కాబట్టి. సాయంత్రం హాలియా పోయి మామ ఫోన్ తీసుకుని సెట్టింగ్స్ తెరిచాను. స్టోర్ బయటి యాప్‌లు వేసే అనుమతి వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు, ఫైల్ మేనేజర్‌కు ఆఫ్ చేసి ఇచ్చాను.

"ఇది బంద్ చేస్తే పీఎం కిసాన్ పైసలు ఆగుతయా అల్లుడూ?"

"ఆ 2,000 బ్యాంకు ఖాతాల పడతయ్ మామా, ఫోన్ల కాదు."